తొమ్మిదో తరగతికి టీసీ తీసుకెళ్లే ముందు ఇది చదవండి

జూన్ వచ్చిందంటే మా హెచ్‌ఎం గది ముందు టీసీల కోసం నిలబడిన తల్లిదండ్రులను చూసి ప్రాణం ఉసూరుమంటుంది. విశాఖ దగ్గర పెందుర్తి వైపు జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అందరిదీ ఒకటే మాట, ఇక్కడుంటే టెన్త్‌లో మార్కులు రావట. ఎవరన్నారంటే చెప్పలేరు.

అపోహ: ఎనిమిది దాకా సర్కారు బడి చాలు, తొమ్మిదిలో ప్రైవేటుకు మారిస్తేనే టెన్త్ తర్వాత చేరే ట్రిపుల్ ఐటీలో సీటు వస్తుంది.

వాస్తవం: ఈ పుకారు వల్ల నష్టపోయినంతగా మన పిల్లలు ఇంకే పుకారు వల్లా నష్టపోలేదు. నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు నాలుగు చోట్లా సీట్లు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు, పైగా ప్రభుత్వ, జెడ్పీ, మునిసిపల్ స్కూళ్లలో (రెసిడెన్షియల్ కాకుండా) వరుసగా చదివిన పిల్లలకు 4 శాతం డిప్రివేషన్ స్కోరు, అంటే వెనుకబాటుకు ఇచ్చే అదనపు మార్కులు, కలుపుతారు. ఒకటి రెండు మార్కుల తేడాతో సీట్లు చేజారే చోట అదెంత బలమో ఆలోచించండి. సీటు కోసమని బడి మార్చి, సీటుకు పనికొచ్చేదాన్నే వదిలేసుకుంటున్నారు.

కేంద్రం ఇచ్చే ఎన్‌ఎంఎంఎస్ మెరిట్ స్కాలర్‌షిప్ సంగతీ అంతే. ఎనిమిదిలో పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకు ఏడాదికి 12,000 రూపాయలు, అంటే మొత్తం 48,000. కానీ ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ విద్యాసంస్థలోనే చదువుతూ ఉండాలి. ఒకసారి ఒక తల్లి బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని వచ్చింది. వడ్డీ పడిన లైన్లు తప్ప స్కాలర్‌షిప్ లైను లేదు. "బ్యాంకోళ్లు రేపు రా, ఎల్లుండి రా అంటున్నారు, మీరొక మాట చెప్పండి మాస్టారూ" అంది. తప్పు బ్యాంకుది కాదు. బాబుని తొమ్మిదిలోనే ప్రైవేటులో వేసేశారు, ఆ ఫీజుకి అప్పు కూడా చేశారట. స్కాలర్‌షిప్ ఆగిపోతుందని ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు. చదువుకోని తల్లి, కొడుకు బాగుపడాలని చేసింది, ఆవిణ్ణి ఏమంటాం? తెలిసి కూడా నోరు విప్పని వాళ్ల మీదే నా కోపం.

అపోహ: టెన్త్ పాస్ శాతం తగ్గిందంటే మాస్టార్లు చెప్పడం మానేశారు.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ మొత్తమ్మీదే 2024లో 86.69 శాతం పాసైతే 2025లో 81.14కి పడింది. ముప్పై మంది రాసిన బడిలో ముగ్గురు ఫెయిలైతే పది శాతం పోయినట్టే. మేం వచ్చిన ప్రతి పిల్లాడినీ చేర్చుకుంటాం, పేరా చదవలేని వాణ్ణి కూడా. ఆ రెండేళ్లూ ఫస్టొచ్చిన జిల్లా ఏదనుకున్నారు? మన ఉత్తరాంధ్రలోనే ఉన్న పార్వతీపురం మన్యం.

అపోహ: మొత్తం మీద 35 శాతం వస్తే పాస్.

వాస్తవం: కాదు. ప్రతి సబ్జెక్టులో 35 రావాలి, హిందీకి మాత్రం 20 చాలు.

అపోహ: ఒక్క సబ్జెక్టు పోతే ఏడాది పోయినట్టే.

వాస్తవం: పోదు. రిజల్ట్ రోజు ఇంట్లో తలుపేసుకుని ఏడ్చే పిల్లలకు ముందు ఇది చెప్పండి. పోయిన సబ్జెక్టు ఒక్కటే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో రాసుకుని, అదే ఏడాది ఇంటర్లో గానీ ఐటీఐలో గానీ చేరొచ్చు. ఫీజు హెచ్‌ఎం ద్వారానే కట్టాలి, గడువు చాలా తక్కువ ఉంటుంది. కాబట్టి పిల్లాణ్ణి తిట్టకుండా, మర్నాడు పొద్దున్నే హాల్‌టికెట్ పట్టుకుని బడికి వచ్చేయండి.