రాళ్లు ఎందుకు కుంగుతాయి? పేవింగ్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: మందమైన, ఖరీదైన రాయి వేస్తే బాట కుంగదు.

వాస్తవం: తోటల్లో బాటలు, ఇంటి ముందు ఆవరణలు వేసే పనిలో ఉన్నవాణ్ని. జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ ఒక్క నమ్మకం వల్లే. బాట కుంగగానే రాయిని తిట్టుకుంటారు, పీకించి ఇంకా మందమైనది వేయిస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అదీ కుంగుతుంది.

బరువు మోసేది నేల. రోడ్ల నిర్మాణాన్ని మలుపు తిప్పిన స్కాట్లాండ్ ఇంజనీరు మెకాడమ్ 19వ శతాబ్దం మొదట్లోనే ఈ మాట తేల్చి చెప్పాడు: మట్టిని తడవకుండా కాపాడితే ఎంత బరువైనా మోస్తుంది. రోమన్ల రోడ్లు అన్నేళ్లు నిలిచాయంటే పెద్ద బండల మహిమేనని చాలామంది అనుకుంటారు. క్రీ.పూ. 312లో మొదలైన అప్పియన్ దారి సంగతే చూడండి. పైన కనిపించే నల్లరాళ్లు ఆ తర్వాతి కాలంలో పరిచినవి. వాటి కింద గట్టిపరచిన పొరలున్నాయి, నీరు జారిపోవడానికి నడుమ ఎత్తు, పక్కన కాలువలు ఉన్నాయి. ఫొటో తీసుకునేవాళ్లకు ఇవేవీ కనిపించవు.

కాబట్టి మేస్త్రీని రాయి గురించి అడిగే ముందు తవ్వకం గురించి అడగండి. మెత్తటి పైమట్టి తీసేయాలి. నడక బాటకు 100 నుంచి 150 మిల్లీమీటర్ల కంకర, కారు ఎక్కే చోట 200 లేదా అంతకంటే ఎక్కువ. అదంతా ఒకేసారి పోసి దిమ్మిస కొడితే పైన మాత్రమే గట్టిపడుతుంది. పలుచని పొరలుగా పోసి, ఒక్కో పొరా కుదించాలి. పైన ఇసుక 25 నుంచి 40 మిల్లీమీటర్లు చాలు. నేల ఎత్తుపల్లాలను ఇసుకతో సరిచేయడం మాత్రం శుద్ధ బద్ధకం. ప్రతి మీటరుకు దాదాపు 2 సెంటీమీటర్ల వాలు, అదీ ఇంటి నుంచి బయటికి నీరు జారేలా. అంచులు కదలకుండా కట్టాలి.

ఒక వృద్ధ దంపతులు ముంగిట రాళ్లు కుంగాయని పిలిచారు. ఆమె నన్ను పదేపదే అడిగింది ఒకటే: "ఇల్లు కూడా ఇలాగే దిగబడుతుందా, నాయనా?" ఎవరో పునాది పోయిందని భయపెట్టారట. ఒక రాయి ఎత్తి చూస్తే కింద వదులు మట్టి మీద జానెడు ఇసుక, ఆ పక్కనే డాబా మీది నీరు నేరుగా పడుతున్న గొట్టం. గొట్టాన్ని మళ్లించి, అడుగంతా కొత్తగా వేసి, అవే రాళ్లు తిరిగి పరిచాం. పునాదికి ఏమీ కాలేదు. అలా భయపెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

అపోహ: అడుగున సిమెంటు పోస్తే ఇక చింత లేదు.

వాస్తవం: కింది నేల కదిలితే సిమెంటు పగులుతుంది, కింద నీరు నిలుస్తుంది. విడి రాళ్లయితే తీసి సరిచేసుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటుకల కొరత వచ్చిన నెదర్లాండ్స్‌లో కాంక్రీటు దిమ్మెలతో వీధులు వేయడానికి ఆ వెసులుబాటూ కలిసొచ్చింది.

అపోహ: పేవర్ల (పరిచే కాంక్రీటు దిమ్మెల) మీద తెల్లటి పూత వస్తే సరుకు కల్తీ.

వాస్తవం: కాంక్రీటులోని సున్నం తేమతో పైకొచ్చి, గాలి తగిలి తెల్లబారుతుంది. చాలావరకు వానలకు, వాడకానికి అదే పోతుంది. ఆమ్లం పోసి కడగకండి, ముఖ్యంగా నాపరాయి, పాలరాయి మీద అస్సలు వద్దు.

అపోహ: కింద ప్లాస్టిక్ షీటు వేస్తే గడ్డి మొలవదు.

వాస్తవం: చాలా విత్తనాలు గాలికొచ్చి సందుల్లోనే పడతాయి. సందులు ఇసుకతో నిండుగా ఉంచి, అప్పుడప్పుడు ఊడ్చండి. ప్లాస్టిక్ నీటిని పట్టి ఉంచుతుంది, అది అసలే వద్దు.

అపోహ: సందులున్న రాళ్లన్నీ నీటిని ఇంకిస్తాయి.

వాస్తవం: అన్నీ ఇంకించవు. అందుకు సన్నపొడి కలవని కంకరతో వేరే అడుగు పొర వేయాలి. ముందే చెప్పి వేయించుకోండి, తర్వాత మార్చడమంటే మొత్తం తవ్వాల్సిందే.