రిగ్గు వచ్చిందని చేను అమ్ముకోకండి: ఖనిజాన్వేషణపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం పత్తికొండ వైపు నుంచి ఒకాయన వాట్సాప్‌లో ఫోటో పంపాడు. పక్క చేలో చిన్న సిమెంటు దిమ్మె, దాని మీద ఎర్ర పెయింటుతో అంకెలు. "సార్, ఇది భూమి తీసుకోవడానికి వేసిన రాయేనా? యురేనియమంట కదా, ఇప్పుడే అమ్ముకోమంటారా?" ఆ అంకెలు మా కంపెనీ ఖనిజం వెతకడానికి వేసిన బోరు నంబరు, లోతు, ముగించిన తేదీ. అంతే. మేం వెతికింది బంగారం, రాగి. ఆ బోరు పని అయిపోయి, సిమెంటు పోసి మూసేశాం కూడా.

పదిహేనేళ్లుగా కర్నూలు, అనంతపురం జిల్లాల్లో చిన్న అన్వేషణ కంపెనీల్లో జియాలజిస్టుగా పనిచేస్తున్నా. ఈ భయం లేని ఊరు నాకు ఇంతవరకూ తగల్లేదు.

అపోహ: బోరు వేశారంటే గని వచ్చినట్టే.

జనాన్ని నిలువునా ముంచుతున్నది ఇదే. జూనియర్ కంపెనీ అంటే గనులున్న కంపెనీ కాదు. దానికి ఆదాయమే ఉండదు, షేర్లు అమ్మిన డబ్బుతో రిగ్గు అద్దెకు తెచ్చుకుని వెతకడమే దాని పని. మ్యాపింగు, మట్టి శాంపిళ్లు, ట్రెంచులు, ఆ తర్వాత డ్రిల్లింగు. చాలా చోట్ల నాలుగైదు బోర్లతోనే ఏమీ లేదని తేలి కోర్ (బోరులోంచి తీసిన రాతి కడ్డీలు) పెట్టెలు సర్దుకుని వెళ్లిపోతాం. ఒకవేళ దొరికినా జీ4 (తొలి పరిశీలన) నుంచి జీ1 (పూర్తి వివర అన్వేషణ) దాకా దశలన్నీ నడవాలి, ఆపైన మైనింగు లీజు, పర్యావరణ అనుమతి, బంగారం, రాగి లాంటివైతే దానికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనినే చూడండి, ఎన్నో ఏళ్ల అన్వేషణ తర్వాత 2007లో శంకుస్థాపన జరిగింది, ఖనిజాన్ని శుద్ధి చేసే మిల్లు మొదలయ్యేసరికి 2012.

నా కళ్లముందే జరిగింది ఒకటి చెప్తా. ఒక ఊళ్లో బంజరులో రిగ్గు నిలబెట్టాం. పక్కనే ఒక పెద్దాయనకు నాలుగెకరాల బుడ్డల చేను, రోజూ మధ్యాహ్నం మాకు మజ్జిగ తెచ్చేవాడు. ఒక బ్రోకరు ఆయన దగ్గరికి పోయి "గవర్నమెంటు తీసుకుంటే పైసా రాదు, ఈ రేటుకైనా ఇప్పుడే ఇచ్చెయ్" అన్నాడట. మూడు బోర్లు వేశాం, పైరైటు, తెల్లటి క్వార్ట్జు తప్ప ఏమీ లేదు, మూసేసి వచ్చేశాం. ఏడాది తర్వాత అటు పోతే ఆయన అదే చేలో కలుపు తీస్తున్నాడు. బ్రోకరుకు అమ్మేసి, ఇప్పుడది గుత్తకు చేస్తున్నాడు. "నువ్వన్నా ఒక మాట చెప్పకపోతివి సారూ" అన్నాడు. చెప్పాల్సిందే, ఆయన అమ్ముతున్నాడని నాకు తెలియలేదు. అప్పటినుంచి రిగ్గు దించిన మొదటి రోజే ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చుని అంతా చెప్తున్నా.

ఇంకో మాట. మీ పట్టా చేలో అన్వేషణ జరిగినా పట్టా మీదే. పంటకు, నేలకు నష్టం జరిగితే కంపెనీ పరిహారం ఇచ్చి తీరాలి, గనులు, ఖనిజాల (ఎంఎండీఆర్) చట్టం 24ఏ సెక్షన్‌లో ఉంది. అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: ఏ రిగ్గు కనబడినా యురేనియమే.

2024లో కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్ల ప్రతిపాదన సంగతి బయటికొచ్చి ఊళ్లు రోడ్డెక్కినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పటిదాకా మన జిల్లాల్లో యురేనియం వెతికింది కేంద్రం కింద ఉండే అణు ఖనిజాల అన్వేషణ సంస్థ ఏఎండీ, మాలాంటి కంపెనీలు కాదు.

ఒకసారి ఒక గర్భిణి దూరం నుంచే అడిగింది, ఆ రాళ్లవల్ల కడుపులో బిడ్డకు ఏమన్నా అవుతుందా అని. సింటిలోమీటరు (రేడియేషన్ కొలిచే పరికరం) తెచ్చి మా కోర్ పెట్టెల మీద పెట్టి చూపించా, తర్వాత వాళ్ల అరుగు మీది గ్రానైటు బండ మీద పెట్టా. కౌంట్లు బండ మీదే ఎక్కువ. మా కోర్ నల్లటి శిల, గ్రానైటులో సహజంగానే కొంచెం యురేనియం, థోరియం ఉంటాయి. ఆమె ముఖంలో టెన్షన్ తగ్గింది. తుమ్మలపల్లె ఖనిజంలో కూడా యురేనియం టన్నుకు అరకిలో ఉండదు.

అలాగని ఆ మిల్లు పక్క ఊళ్లవాళ్లు టెయిలింగ్ పాండ్ (మిల్లు వ్యర్థాలు వదిలే చెరువు) గురించి, నీళ్ల గురించి అడిగేవి వట్టి భయాలని నేను అనను. అన్వేషణ బోరు వేరు, టెయిలింగ్ పాండ్ వేరు. అక్కడ నీళ్లు పరీక్ష చేసి ఫలితం జనం ముందు పెట్టాల్సిందే. డబ్ల్యూహెచ్‌ఓ తాగే నీళ్లలో యురేనియానికి చెప్పిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు.

మిగతావి గబగబా. డైమండ్ డ్రిల్లింగ్ అంటే వజ్రాల కోసం కాదు, రాయి కోయడానికి బిట్టులో వజ్రపు రవ్వలుంటాయి (తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లు మమ్మల్ని అడగని రోజు లేదు). మా బోరు మీ నీళ్లు లాగదు, అందులో మోటారే ఉండదు, డ్రిల్లింగుకు నీళ్లు మేమే ట్యాంకరుతో తెచ్చుకుంటాం.

రిగ్గు వస్తే లైసెన్సు కాపీ అడిగి ఫోటో తీసుకోండి. ఎవరైనా అడ్వాన్సు చేతిలో పెట్టబోతే ముందు జిల్లా గనుల శాఖ ఆఫీసులో మీ సర్వే నంబరు మీద లీజు ప్రక్రియ ఏమైనా నడుస్తోందేమో కనుక్కోండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.