మునిగినా బతికే వరి

మాది గోదావరి డెల్టా. ఊడ్పులయ్యి నెల తిరక్కముందే వానలు పట్టి మురుగు కాలవ ఎగదన్నిందంటే చేనంతా చెరువే. నాలుగైదు రోజుల్లో నీళ్ళు లాగేస్తే పర్లేదు, వారం దాటిందంటే మాత్రం ఆకులు రంగు మారిపోయి, మొక్క పీలగా పొడుగ్గా సాగిపోయి, నీళ్ళు తియ్యగానే బురదలో వాలిపోయేది. మా నాన్న ఒక దుబ్బు పీకి మొదలు నొక్కి చూసేవారు, మెత్తగా తగిలితే ఇంకేం మాట్లాడకుండా గట్టెక్కేసేవారు.

నీళ్ళలో ఊపిరాడక చచ్చిపోయిందనుకునేవాణ్ణి, అది కొంతే నిజం. మొక్క ఒంట్లో ఇథిలీన్ అనే వాయువు తయారవుతూ ఉంటుంది, మామిడికాయని పండించేది కూడా ఇదే. మామూలప్పుడు గాల్లోకి పోతుంది, కానీ నీళ్ళలో వాయువులు గాల్లో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదుల్తాయి కాబట్టి మునిగిన మొక్కలో లోపలే పేరుకుపోతుంది. అది పేరుకునేసరికి జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ జోరు పెరిగి, ఎలాగైనా నీటి పైకి తేలాలని మొక్క సాగడం మొదలెడుతుంది, దాచుకున్న పిండిపదార్థమంతా దానికే ఖర్చు పెట్టేస్తుంది. అప్పటికీ నీళ్ళు తియ్యకపోతే ఇంక తినడానికేం మిగలదు.

ఒడిశాలో ఎఫ్ఆర్ 13ఎ అని ఒక పాత వరి ఉంది, అది రెండు వారాలు మునిగినా బతుకుతుంది, ఎందుకంటే అది సాగదు, ఉన్నది దాచుకుని ఊరుకుంటుంది. దాన్ని వేరే రకాలతో కలిపి చూశారు గానీ ముంపు తట్టుకునే గుణంతో పాటు పొడుగు, తక్కువ దిగుబడి కూడా వెంటే వచ్చేవి. ఆ గుణం 9వ క్రోమోజోమ్ మీద ఉందని 1996లో తెలిసింది, 2006లో కెనాంగ్ షు, పమేలా రోనాల్డ్, డేవిడ్ మాకిల్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళతో పనిచేసినవాళ్ళంతా కలిసి అసలు జీన్ సబ్1ఎ అని తేల్చారు.

ఫిలిప్పీన్స్‌లోని ఇరి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) వాళ్ళు ఆ జీన్ ఎక్కించిన రకాల్లో ముఖ్యమైనది ఏదో తెలుసా, మన స్వర్ణే! దాని నంబరు ఎంటియు 7029, ఎంటియు అంటే పశ్చిమ గోదావరిలోని మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు పులకరించింది. ఇది జన్యుమార్పిడి పంట కాదండి, పుప్పొడితో చేసిన మామూలు సంకరమే, కాకపోతే ప్రతి తరంలో మొక్కల డీఎన్ఏ పరీక్ష చేసి సబ్1ఎ ఉన్నవే ఉంచి మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపారు, అందుకే అదే గింజ, అదే దిగుబడి. 2009లో స్వర్ణ సబ్1 పేరుతో మన దేశంలో విడుదలైంది.

విచిత్రమేంటంటే లోతునీటి వరి అని ఇంకోటుంది, అది అదే ఇథిలీన్ తగలగానే మీటర్ల కొద్దీ సాగి నీటి పైనే ఉంటుంది, నెలల తరబడి నిలిచే నీళ్ళకి అదే దారి. పది పన్నెండు రోజుల్లో తీసేసే ముంపుకి మాత్రం ఊరుకోవడమే మేలు.

సబ్1 అన్నిటికీ పనికొస్తుందని మాత్రం అనను. అక్టోబర్ తుఫానుకి ఈనిన చేను మునిగితే ఇది కాపాడలేదు, మురుగు కాలవల్లో పూడిక తియ్యాల్సిందే, దానికి ఏ విత్తనమూ బదులు కాదు.

ఈ రకం వేసినవాళ్ళు నీళ్ళు తియ్యగానే చేను పోయిందని దున్నెయ్యకండి. ఆకులు కుళ్ళి బురద పట్టి చచ్చినట్టే కనిపిస్తాయి. దుబ్బు మొదలు నొక్కి చూడండి, గట్టిగా తగిలితే కొన్ని రోజులాగండి, మధ్యలోంచి కొత్త మొవ్వు వస్తుంది.