ఊపిరితిత్తుల కార్సినాయిడ్: ఆపరేషన్‌కు ముందు స్కాన్ ఎంతవరకు చెబుతుంది?

ఊపిరితిత్తుల కేన్సర్లలో నూటికి ఒకటో రెండో కార్సినాయిడ్‌లు అనే రకం గడ్డలు. పొగ తాగనివాళ్లకూ వస్తాయి. ఎక్కువగా శ్వాసనాళంలోనే పెరుగుతాయి కాబట్టి దమ్మనో, టీబీ అనో ఏళ్లతరబడి మందులు మింగాక గానీ బయటపడవు. నల్గొండలో రేడియాలజిస్టుగా వీటి గురించి నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: "పెట్ స్కాన్‌ల గడ్డ ఎలగలేదట, ఇంక కేన్సర్ కాదన్నట్టే గద సార్?"

వాస్తవం: కాదనలేం. ఆ స్కాన్‌లో మామూలుగా ఎక్కించేది గ్లూకోజులాంటి ఎఫ్‌డీజీ అనే మందు. నెమ్మదిగా పెరిగే టిపికల్ కార్సినాయిడ్ దాన్ని పెద్దగా పట్టుకోదు, గాలియం డొటాటేట్ అనే వేరే మందు ఎక్కించి తీసే స్కాన్‌లో మాత్రం బాగా వెలుగుతుంది. ఎఫ్‌డీజీని గట్టిగా లాగి, డొటాటేట్‌ను అంతగా పట్టని గడ్డయితే ఎటిపికల్, అంటే ఇంకాస్త మొండి రకం అని అనుమానిస్తాం. ఆ రకం ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తేల్చాల్సింది మాత్రం మైక్రోస్కోపే: 2 చదరపు మిల్లీమీటర్లలో విడిపోతున్న కణాలు 2 నుంచి 10 దాకా ఉన్నా, కణజాలం చచ్చిన చోట్లు కనిపించినా ఎటిపికల్.

అపోహ: ఎస్‌యూవీ (గడ్డ స్కాన్‌లో ఎంత వెలిగిందో చెప్పే కొలత) అంకె పెద్దదైతే ఆపరేషన్ దండగ.

వాస్తవం: రక్తంలో షుగర్, ఇంజెక్షన్‌కు స్కాన్‌కు మధ్య గడిచిన సమయం, మెషిన్... ఏది మారినా ఆ అంకె మారుతుంది. పైగా టీబీ సోకిన లింఫ్ గ్రంథులూ వెలుగుతాయి. ఛాతీలో గ్రంథులు వెలిగితే సూదితో ముక్క తీసి చూడకుండా ఆపరేషన్ వద్దనుకోకండి.

అపోహ: ఎముకలు తెల్లగా ఉన్నాయని రిపోర్ట్‌లో రాశారు, ఇక పాకినట్టే.

వాస్తవం: ఇది మన జిల్లా ముచ్చట. మర్రిగూడ, మునుగోడు దిక్కు ఏళ్లపాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్నెముక, కటి ఎముకలు సీటీలో సుద్దలా తెల్లగా కనబడతాయి. చిక్కేమిటంటే, కార్సినాయిడ్ ఎముకలకు పాకినా చాలాసార్లు తెల్ల మచ్చలే వస్తాయి. ఫ్లోరోసిస్‌లో తెలుపు ఎముకంతా పరుచుకుంటుంది, లిగమెంట్లు (ఎముకల్ని కలిపి పట్టే నారలు), ముంజేతి రెండెముకల మధ్య పొర కూడా గట్టిపడతాయి. పాకినదైతే అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటుంది. అందుకే అనుమానం వస్తే ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయిస్తాను. ఖర్చు తక్కువ, కొన్నిసార్లు పెద్ద గాబరా తప్పిస్తుంది. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో మీరే చెప్పండి, వేరే ఊళ్లో స్కాన్ చదివే డాక్టర్‌కు ఆ సంగతి తట్టకపోవచ్చు.

అపోహ: ఆపరేషనై అయిదేళ్లు దాటితే స్కాన్లు అక్కర్లేదు.

వాస్తవం: టిపికల్ రకంలో అయిదేళ్ల తర్వాత నూటికి సుమారు 90 మంది బతికే ఉంటారు. అయినా ఇది ఆలస్యంగా, ఒక్కోసారి పదేళ్ల తర్వాత కూడా తిరగబెడుతుంది. వచ్చేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు, పాత స్కాన్ల సీడీలూ తెండి. పాతది పక్కన పెట్టుకుని చూస్తే గానీ కొత్త మచ్చేదో తెలియదు.