బొమ్మల కథకు గౌరవం దక్కిందా? కామిక్స్‌పై కొన్ని అపోహలు, వాస్తవాలు

పత్రికలకు బొమ్మలు గీయడం, ఇతర భాషల కామిక్స్ తెలుగులోకి వచ్చేటప్పుడు పాత్రల మాటలుండే బెలూన్లలో అక్షరాలు కూర్చడం నా వృత్తి. ఈ మాధ్యమం గురించి నాకు తరచుగా రెండు మాటలు వినిపిస్తుంటాయి. పిల్లల కాలక్షేపమే కదా అనేవారు కొందరు. ఒక కామిక్స్ పుస్తకానికి అమెరికాలో పేరున్న పులిట్జర్ పురస్కారం కూడా వచ్చాక ఇంకేం కావాలి అనేవారు మరికొందరు. గౌరవం వచ్చిన మాట నిజమే కానీ, అది కథావస్తువుకు వచ్చినంతగా కథ చెప్పే పద్ధతికి ఇంకా రాలేదన్నది నా అభిప్రాయం.

అపోహ: కామిక్స్ స్వతహాగా పిల్లలవి.

వాస్తవం: కనీసం అమెరికాలో వాటిని పట్టుబట్టి పిల్లలకు పరిమితం చేశారు. ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే మానసిక వైద్యుడు, కామిక్స్ చదవడం వల్ల పిల్లలు నేరాలకు అలవాటు పడుతున్నారని వాదిస్తూ 1954లో ఒక పుస్తకం రాశారు. అదే ఏడాది సెనేట్ ఉపసంఘం విచారణ జరిపింది. ప్రభుత్వం చట్టం తెస్తుందేమోనన్న భయంతో ప్రచురణకర్తలు తామే కామిక్స్ కోడ్ అనే నియమావళిని విధించుకున్నారు. చెడుపై మంచి ప్రతిసారీ గెలవాలి, పోలీసుల మీద, న్యాయమూర్తుల మీద అగౌరవం కలిగించకూడదు, రక్తపిశాచాలు కనిపించకూడదు అన్నవి అందులోని షరతులు.

ఆ కోడ్ ఆచరణలో ఎలా పనిచేసిందో ఒక కథ చూస్తే తెలుస్తుంది. రంగును బట్టి వివక్ష పాటించే రోబోల గ్రహాన్ని పరీక్షించడానికి భూమి నుంచి ఒక వ్యోమగామి వెళతాడు. గ్రహాల కూటమిలో చేరడానికి ఆ గ్రహానికి ఇంకా అర్హత రాలేదని తేల్చి తిరుగు ప్రయాణమవుతాడు. చివరి ప్యానెల్‌లో, అంటే చివరి బొమ్మ గడిలో, శిరస్త్రాణం తీసినప్పుడు అతడు నల్లజాతి మనిషి అని పాఠకుడికి తెలుస్తుంది. ఈసీ అనే కామిక్స్ ప్రచురణ సంస్థ 1953లో వేసిన ఈ కథను 1956లో పునర్ముద్రించబోగా, కోడ్ అధికారి ఆ వ్యోమగామి నల్లవాడు కాకూడదని అభ్యంతరం చెప్పారు. ప్రచురణకర్త విలియం గెయిన్స్ లొంగకుండా అలాగే అచ్చువేసి, ఆపైన కామిక్స్ ప్రచురణే మానుకున్నారు. వర్థమ్ తన ఆధారాలను వక్రీకరించారని ఆయన కాగితాలను పరిశీలించిన పరిశోధకురాలు క్యారల్ టిల్లీ 2012లో చూపించారు. అప్పటికి ఏడాది ముందే, 2011లో, కోడ్‌ను పాటించే చివరి ప్రచురణకర్తలు కూడా దాన్ని వదిలేశారు. ఈ మధ్యలో గడిచిన అర్ధశతాబ్దిలో ఎన్ని తరాలు కామిక్స్ అంటే పిల్లల వ్యవహారమని నమ్ముతూ పెరిగాయో చెప్పనక్కరలేదు.

అపోహ: పులిట్జర్‌తో వాదన ముగిసింది.

వాస్తవం: ఆర్ట్ స్పీగెల్‌మన్ కామిక్స్ పుస్తకం 'మౌస్'కు 1992లో వచ్చింది ప్రత్యేక పురస్కారం. కాల్పనిక సాహిత్యం, చరిత్ర, జీవిత చరిత్ర వంటి మామూలు విభాగాల్లో దేనిలోనూ దానికి బహుమతి ఇవ్వలేదు. అంతకు ముందు ఏడాది న్యూయార్క్ టైమ్స్ దాన్ని కాల్పనిక రచనల జాబితాలో చేర్చితే, తన తండ్రి అనుభవించిన యూదు జాతి నిర్మూలనను కల్పన అనడమేమిటని రచయిత లేఖ రాసి జాబితా మార్పించుకోవలసి వచ్చింది. 2022 జనవరిలో టెనెసీలోని ఒక కౌంటీ పాఠశాలల బోర్డు కొన్ని తిట్లనూ, ఒక నగ్న చిత్రాన్నీ కారణంగా చూపి అదే పుస్తకాన్ని ఎనిమిదో తరగతి పాఠ్యాంశాల నుంచి తొలగించింది.

మన దేశంలోనూ ఇంతే. 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథను తల్లిదండ్రులు నిశ్చింతగా కొనిచ్చారు. పురాణాలు, చరిత్ర నేర్పుతుందన్న భరోసాయే అందుకు కారణం తప్ప, ప్యానెళ్ల కూర్పు బాగుందని కొన్నవారు అరుదు.

అపోహ: సూపర్ హీరోల సినిమాలు ఆడుతున్నాయి కాబట్టి కామిక్స్‌కు గౌరవం పెరిగింది.

వాస్తవం: పెరిగింది పాత్రల విలువ. జెర్రీ సీగెల్, జో షుస్టర్ 1938లో సూపర్‌మ్యాన్ హక్కులను 130 డాలర్లకు వదులుకున్నారు. వారికి పింఛను, సృష్టికర్తలుగా పేరు దక్కింది 1975 చివర్లో, సినిమా తయారవుతున్న రోజుల్లో వారు పత్రికలకెక్కి గొడవ చేశాకే.

అపోహ: బొమ్మలు ముందే ఉన్నాయి కనుక తెలుగు చేయడమంటే మాటలు మార్చడమే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ విసిగించే అపోహ ఇది. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలు సాధారణంగా పెద్దక్షరాలలో ఉంటాయి. వాటి ఎత్తు సమానం కనుక వరుసలు దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. తెలుగులో పైన గుడి, కింద వత్తు ఉంటాయి. పై వరుసలో 'రాష్ట్రం', కింది వరుసలో 'స్త్రీ' పడ్డాయంటే వరుసల మధ్య ఎడం పెంచక తప్పదు. అదీగాక ఇంగ్లీషులో నాలుగైదు చిన్న మాటలుగా విడిపోయేది మనకు 'వెళ్ళిపోతున్నాడేమోనని' అంటూ ఒకే మాటగా వస్తుంది. సన్నటి బెలూన్‌లో దాన్ని ఎక్కడ విరిచినా చదువరి తడబడతాడు. అక్షరం చిన్నది చేస్తే పాత్ర గొణుగుతున్నట్టు ఉంటుంది. బెలూన్ పెంచితే వెనకున్న ముఖం కప్పుకుపోతుంది. అందుకే చాలాసార్లు వాక్యాన్నే తిరగరాస్తాం. ఇంత జరిగినా సమీక్షల్లో కథాసంగ్రహం తప్ప బొమ్మల ప్రస్తావన, అక్షరాల ప్రస్తావన సాధారణంగా ఉండవు. సినిమా సమీక్షలో ఛాయాగ్రహణం గురించి ఒక్క ముక్కయినా లేకపోతే ఎవరూ ఊరుకోరు.

అపోహ: చేర్యాల పటాలున్నాయి కనుక కామిక్స్ మనకు ఎప్పుడో ఉన్నాయి.

వాస్తవం: పోలిక ఉంది, కానీ రెండూ ఒకటి కావు. నకాషీ చిత్రకారులు గీసిన పటాన్ని పెట్టి కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కథ నడిచే వేగం ఆ గాయకుడి చేతిలో ఉంటుంది. కామిక్స్‌లో ఆ వేగం పాఠకుడిది: ఒక ప్యానెల్ మీద ఎంతసేపైనా ఆగవచ్చు, వెనక్కి వెళ్ళవచ్చు, రెండు ప్యానెళ్ల మధ్య జరిగినదాన్ని తానే ఊహించుకోవాలి. ప్రాచీనతను అరువు తెచ్చుకుని గౌరవం కోరడం కన్నా, అచ్చు పత్రికల్లో ఈ పని నిజంగా చేసినవారిని చదవడం మేలు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి కుమారుడు బుజ్జాయి గీసిన 'డుంబు'తో మొదలుపెట్టవచ్చు.