‘గుడ్ టైమ్స్’ బేస్ లైన్: నేను తరచూ వినే అపోహలు

బేస్ గిటార్ నా వృత్తి. నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్లు మొదటి నెలలోనే అడిగే పాట ఒకటుంది. అమెరికన్ డిస్కో బృందం షీక్ 1979 వేసవిలో విడుదల చేసిన ‘గుడ్ టైమ్స్’. ఆ పాట మీద వాళ్లకు ఎంత ప్రేమో, దాని గురించి విని వచ్చిన తప్పుడు మాటలూ అన్నే.

అపోహ: డిస్కో అంటే యంత్రాల సంగీతం.

వాస్తవం: ఇందులో లయంతా మనుషుల చేతులదే. న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో టోనీ థాంప్సన్ డ్రమ్స్, నైల్ రాడ్జర్స్ గిటార్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్ వాయించారు. వయొలిన్లూ నిజమైన వాద్యకారులవే. రాడ్జర్స్ చెబుతూ వచ్చిన కథ ప్రకారం ఆ రోజు ఎడ్వర్డ్స్ ఆలస్యంగా వచ్చారు. మిగతావాళ్లు అప్పటికే వాయిస్తున్నారు. ఆయన బేస్ అందుకోగానే, స్వరాలను నడిపించమని రాడ్జర్స్ కేకవేశారు.

అపోహ: అది స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించే) వాయిద్యం, వేళ్లకు వేగం ఉంటే వచ్చేస్తుంది.

వాస్తవం: స్లాప్ కానే కాదు. ఎడ్వర్డ్స్ చేతిలో పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) ఉన్నట్టే వేళ్లు పట్టి, చూపుడువేలితో తీగను మీటేవారు. ఇక వేగం సంగతి. బేస్ లైన్, అంటే బేస్ తిప్పితిప్పి వాయించే స్వరాల వరుస, మొదట్లో ఒకే స్వరం మూడుసార్లు నింపాదిగా పడుతుంది. తరువాత చిన్న ఊపిరి. ఆ తరువాతే మెట్లెక్కే పరుగు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో దాదాపు అందరూ పరుగును సాధన చేసి, ఊపిరిని మింగేస్తారు. అప్పుడు స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి, పాట మాత్రం ఉండదు. ఆ ఖాళీలో డ్రమ్స్ వినబడాలి, గిటార్ గీతలు వినబడాలి. నేను ముందు మూడు స్వరాలనే వారం రోజులు వాయించమంటాను. విసుక్కునేవాళ్లు ఉన్నారు. అయినా ఈ విషయంలో నేను తగ్గను.

అపోహ: ‘గుడ్ టైమ్స్’ నంబర్ వన్ అయిందంటే, అది ఆ వారం దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన రికార్డు.

వాస్తవం: అమెరికాలో పాటల స్థానాలు చెప్పే వారపు పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100 అప్పట్లో అమ్మకాలనూ రేడియో ప్రసారాలనూ కలిపి లెక్కవేసేది. అమ్మకాల వివరాలు కూడా దుకాణాలవాళ్లు చెప్పినవే. బిల్లింగ్ యంత్రాల నుంచి అసలు సంఖ్యలు తీసుకోవడం 1991లోనే మొదలైంది.

అపోహ: 1979 జులై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పేల్చేసిన రాత్రితో ఆ సంగీతం చచ్చిపోయింది.

వాస్తవం: ఆ తరువాత అయిదు వారాలకే, ఆగస్టు 18 నాటి పట్టికలో, ‘గుడ్ టైమ్స్’ మొదటి స్థానంలో ఉంది. ఉన్నది ఒక్క వారమే. మరుసటి వారం ‘మై షరోనా’ అనే రాక్ పాట వచ్చి ఆరు వారాలు కూర్చుంది. ఆ తరువాత షీక్ పేరుతో మరో పాట అమెరికాలో తొలి నలభైలోకి రాలేదు. ఆ అన్యాయం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అయితే దెబ్బ తగిలింది పేరుకే. మరుసటి ఏడాది రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ కలిసి గాయని డయానా రాస్‌కు చేసిన ‘అప్‌సైడ్ డౌన్’ నాలుగు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది.

అపోహ: ‘రాపర్స్ డిలైట్’ అనే ర్యాప్ పాటలో ‘గుడ్ టైమ్స్’ రికార్డు ముక్కనే కోసి అతికించారు.

వాస్తవం: చాలామంది సంగీతకారులూ ఇలాగే అనుకుంటారు. 1979లోనే వచ్చిన ఆ పాట కోసం స్టూడియోలో మరో బృందం ఈ బేస్ లైన్‌ను మొదటి నుంచి మళ్లీ వాయించింది. ఒకే లైన్‌ను తడబడకుండా నిమిషాల తరబడి తిప్పితిప్పి వాయించడం ఎంత కష్టమో చేతికి పనిపెట్టినవాళ్లకే తెలుస్తుంది. ఆ వాద్యకారులకు నమస్కారం. కానీ లైన్ పుట్టించినవాళ్ల పేర్లు మొదట రికార్డు మీద లేవు. రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ కోర్టుకు వెళతామన్నాకే రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి.