ఆనందయ్య మందుకి అనుమతి అంటే అసలు దేనికి?

2021 మే నెల గుర్తుంది కదా. ఆక్సిజన్ కోసం, బెడ్ల కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య అనే నాటు వైద్యుడు కరోనాకి పసరు మందు ఉచితంగా ఇస్తున్నాడన్న వార్త వాట్సాప్‌లో పాకింది. అంతే, మే 21న ఊరు కిక్కిరిసిపోయి, అంబులెన్సులు కూడా క్యూ కట్టేసరికి ప్రభుత్వం పంపిణీ ఆపించింది. తర్వాత పది రోజులూ టీవీల్లో ఒకటే చర్చ: అది ఆయుర్వేదమా, కాదా?

ఊసుపోక అడిగిన ప్రశ్నేం కాదిది. మన దేశంలో సంప్రదాయ మందుల్ని ఔషధాల చట్టం కిందకి తెచ్చింది 1964 సవరణ. దాని ప్రకారం ఆయుర్వేద మందంటే చట్టం షెడ్యూల్‌లో ఉన్న ప్రామాణిక గ్రంథాల్లోని యోగం, అంటే ఏయే దినుసులు ఎలా కలపాలో చెప్పే తయారీ పద్ధతి ప్రకారం చేసింది. గ్రంథంలో ఉంటే లైసెన్సు సులువు, జబ్బు తగ్గిస్తుందని పెద్ద ట్రయల్స్ చేసి చూపించాల్సిన పని కూడా లేదు. ఆనందయ్య మందు అలా ఏ గ్రంథంలోదీ కాదు, కాబట్టి నాటు మందే అని ఆయుష్ (ఆయుర్వేదం లాంటి దేశీయ వైద్యాల్ని చూసే ప్రభుత్వ విభాగం) అధికారులు తేల్చారు. పైగా ఆ చట్టంలోనే, వైద్యుడు తన రోగుల కోసం తానే చేసుకునే మందుకి లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఒకటుంది. ఊళ్లో రోజుకి పదిమందిని చూసే వైద్యుడి కోసం పెట్టినట్టుండే ఈ వెసులుబాటు, వేలమంది వచ్చి నిలబడితే ఏం చేయాలో చెప్పదు.

అటు 1897 నాటి అంటువ్యాధుల చట్టం ఉంది, బొంబాయి ప్లేగు సమయంలో బ్రిటిష్ వాళ్లు తెచ్చింది. జనాన్ని ఆపడానికి, తనిఖీ చేయడానికి అందులో అధికారం దండిగా ఉంది గానీ మందు పనిచేస్తుందో లేదో తేల్చే దారి మాత్రం లేదు. దేశీయ వైద్యాన్ని ప్రభుత్వం ఆదరించాలా అన్న చర్చ పాతదే, నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడే, 1923లో అక్కడి ప్రభుత్వం వేసిన ఉస్మాన్ కమిటీ ఆదరించాలనే రిపోర్టు ఇచ్చింది. అయితే ఆ తర్వాత కాలేజీలూ డిగ్రీలూ, 2014లో ఏకంగా ఆయుష్ మంత్రిత్వ శాఖా వచ్చినా, చదువూ గ్రంథమూ లేని నాటు వైద్యుడు వీటన్నిటికీ బయటే ఉండిపోయాడు.

దాంతో 2021లో అప్పటికప్పుడు కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలిని రంగంలోకి దింపారు. మందు తీసుకున్నవాళ్లకి ఫోన్లు చేసి ఎలా ఉందని అడిగారు. మే 31న రాష్ట్ర ప్రభుత్వం ఆనందయ్య ఇచ్చే మందుల్లో పి, ఎల్, ఎఫ్ అనే రకాలకి ఓకే చెప్పి, కంట్లో వేసే చుక్కల్ని పక్కన పెట్టింది. కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదు, హాని మాత్రం కనిపించలేదు, డాక్టరు రాసిన మందులు మానొద్దు అని కూడా అదే ప్రకటనలో ఉంది. జనం చెవిన పడింది మాత్రం "అనుమతి వచ్చింది" అన్న ముక్కే. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే జరిగింది: హాని లేదనడం వేరు, పనిచేస్తుందనడం వేరు, ఆ రెండిటికీ ఒకే ముద్ర వేసి వదిలేశారు.

జూన్ 7న పంపిణీ మళ్లీ మొదలైంది. డిసెంబరులో కరోనా కొత్త రకం ఒమిక్రాన్‌కి కూడా మందు ఉందని ఆనందయ్య అన్నప్పుడు, బయటి రోగులు ఊళ్లోకి వస్తారన్న టెన్షన్‌తో కృష్ణపట్నం వాళ్లే అడ్డం తిరిగి, ఇంతకీ అనుమతి ఉందా అని నిలదీశారు.